కొమ్ము పొడి

ఏటా ద్రాక్షకోతలు ముగిశాక
నా మందుల కొట్టుకి తనిఖీకొచ్చేవాడు
నగర వైద్యుడు యోబ్స్ట్ క్రెల్.
జాడీ జాడీలో వేలు ముంచి నాకి
కుంకుమపువ్వులో బంతిరేకులు పట్టేసేవాడు.
బూజుపట్టిన రేవల్చిని ఒకసారి
ఊరంతా చూస్తుండగా వీధిలో పారబోయించాడు.

ఒంటికొమ్ము గుర్రానిదని
మా తాత వెండి తూచి కొన్నదాన్ని
తిమింగలం కోర అన్నాడు.
దానిమీద పుస్తకమే రాశాడు, నలభై పుటలు.
నాకు లాటిన్ రాదు. నష్టం మాత్రం అర్థమైంది.

స్వీడన్ దండు విడిచిపోయిన జ్వరం
ఆ చలికాలం గడపగడపకీ తిరిగింది.
నగరసభ జీతానికి బదులు రై గింజలు కొలిచింది.
ముక్కుకి వెనిగర్ గుడ్డ కట్టుకుని
ఆయనా తిరిగాడు, జ్వరం వెనకాలే.

ఓ రాత్రి నా తలుపు తట్టాడు.
టోపీ లేదు. గడ్డంలో మంచు.
"ఆ కోర..." అని ఆగి,
"ఆ కొమ్ము ఇంకా ఉందా?
వాల్‌పుర్గాకి ఇది మూడో రోజు."

నేనేమీ అనలేదు. అనడానికి చాలా ఉంది.
ఆకురాయితో గీస్తుంటే
రాలే పొడి కింద దోసిలి పట్టాడు.

మళ్లీ ద్రాక్షకోతలయ్యాక వచ్చాడు,
చేతికి నల్లపట్టీతో.
అన్నీ రుచి చూశాడు, లవంగాలకి జరిమానా వేశాడు.
ఆ ఒక్క జాడీ దగ్గర
వదులైన మూత బిగించి
ముందుకెళ్లాడు.