ఏ పక్క?

అల్ ఖౌద్‌ల, యూనివర్సిటీ గేటు ముంగట జిరాక్సు దుకాణం.
కొలువుల చేరిన వారంలనే ఒక థీసిస్ ఖరాబు చేసిన:
అరబ్బీ కాయితాలకు ఎడమ పక్క చిల్లులు,
నూట ఎనభై పేజీలు, స్పైరల్ తీగ సుత ఎక్కించి.
షంసా తిట్టలె.
చెయ్యి గాలిల కుడికెల్లి ఎడమకు జరిపి చూపెట్టింది,
పలక తుడిచినట్టు.

అప్పటి సంది ఎవరొచ్చినా అడుగుత: ఏ పక్క?
సూడాన్ సారు ఇద్రీస్ ఎంటనే చెప్పడు,
ముందు నా నిద్ర ఎట్లుంది, మోకాలు ఎట్లుంది,
అటెన్క కుడి.
మారిసెల్‌ది ఎడమ, తొందర, లెక్కకు సరిపోయే చిల్లర.
ముసలి వాచ్‌మన్ నాసర్ పుట్టింది జాంజిబార్ల;
ఫోన్ల స్వాహిలి మాట్లాడుకుంట
మా ఏసీ కింద నిలబడతడు. కాయితం పని లేదు ఆయనకు.

నిన్న మిషన్ల పేజీ ఇరికింది.
సినిమా హిందీల అడిగింది షంసా:
మీ భాష ఏ పక్క తెరుచుకుంటది?
ఖరాబైన కాయితం ఎనుక, ఏం రాయాల్నో తోచక
'జిరాక్సు' అని రాసిన.
క కింది స వత్తు కాడ చెయ్యి ఆగింది,
నాలుగేండ్లయింది మరి.
ఆమె కుడికెల్లి చూసింది, ఎడమకెల్లి చూసింది,
అన్నీ గుండ్రటియే, ఎటైనా దొర్లుతయన్నది.

మడిచి పుస్తకంల పెట్టుకొని
వంద బైసాలు బల్ల మీద పెట్టింది.
దేనికని అడగలె. తీసుకున్న.