నూట యాభై ఆరు సెంటీమీటర్లు

సింధియాలో, షిప్‌యార్డు క్వార్టర్ల వరండాలో
రెండు జతల స్కీలు గోడకి ఆనుకుని నిలబడ్డాయి.
బయట ముప్పై ఆరు డిగ్రీలు.
ఉక్కపోతకి వాటి అడుగు మైనం కూడా చెమర్చినట్టుంది.

ఓడ దిగొచ్చిన సెకండ్ ఇంజనీరు బెహరా
ఎక్కడో చలి రేవులో, పాత సామాన్ల కొట్లో కొన్నాడట.
"ఒకటి నువ్వు ఉంచుకో, రెండోది అమ్ముకుంటా" అన్నాడు.
ఒకటి నల్లది, పొడుగు, నూట డెబ్భై రెండు.
రెండోది పొట్టిది. ముక్కు దగ్గర ఊదారంగు పువ్వులు.
"ఆడవాళ్లదంటే ఇదే కదా"
పువ్వులకేసి వేలు చూపించాడు,
బేరం అయిపోయినట్టే.

ఇరవై రెండేళ్లుగా ఓడల గీతలు గీస్తున్నదాన్ని.
పువ్వు ఏ ఓడనీ మలుపు తిప్పలేదు.

టేపు తీశాను.
ముక్కు నూట ఇరవై రెండు మిల్లీమీటర్లు,
నడుము అరవై తొమ్మిది,
తోక నూట నాలుగు.
అంచు వెంట పెన్సిలు లాగి
ఆ వంపుని మనసులోనే పొడిగించుకుంటూ పోతే
మెట్లు దిగింది, కుళాయి దాటింది,
రొయ్యల వాసనేసే ఎదురింటి స్కూటర్ని చుట్టి
మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చింది.
వ్యాసార్ధం పన్నెండు మీటర్లు, ఓ పిసరు అటూ ఇటూ.

దువ్విన మంచుకి కావలసింది ఇలాంటిదే.
రాత్రంతా యంత్రం తిరిగి దువ్విపోతుందట.
తెల్లారేసరికి కొండంతా గీతలు,
తడితల మీద పేనుదువ్వెన లాగినట్టు.
ఎల్టీసీ మీద ఔలీ వెళ్లినప్పుడు చూశాను.
ఆ గీతల మీదుగా ఎవరో ఒకావిడ
ఒరుగుతూ, లేస్తూ, రెండో వైపుకి ఒరుగుతూ దిగిపోయింది.
వెనకాల రెండే రెండు సన్నటి కోతలు.
మంచు చెదరలేదు.
మావాళ్లంతా టీ తాగడానికి వెళ్లారు.
నేను ఆ కోతల దగ్గరే ఉండిపోయాను.

గుల్‌మార్గ్ నుంచి నేర్పే అమ్మాయి ఫోన్లో అడిగింది,
"మీ బరువెంత?"
నాలుగు కిలోలు మింగేసి చెప్పడం అలవాటు.
తగ్గిస్తే స్కీ మెత్తదొస్తుంది,
మలుపులో జారేది నేనే.
"డెబ్భై రెండు."
"మంచిది" అంది.
నా బరువుని ఒకరు మంచిదనడం
నలభై నాలుగేళ్లలో ఇదే మొదలు.

నల్లదాన్ని మోకాలికి ఆనించి వంచాను.
ఓడ రేకులాగ మొండికేసింది.
తొంభై కిలోల మగాడి కోసం, వాడి తొందర కోసం చేసింది.
పువ్వులది ముక్కు వంచింది గానీ
తోక దగ్గర గట్టిగా నిలబడి తిరిగి తన్నింది.
కాళ్లు బిగించే చోటు ఓ రవ్వ ముందుకుంది.
మన బరువు ఎక్కడుంటుందో
ఎవరో నిజంగానే కొలిచారన్నమాట.
నిలబెడితే కొన నా పెదాల దగ్గరికొచ్చింది.

అంచు చూడ్డానికి మాత్రం నూకరత్నాన్ని పిలిచాను.
హార్బర్లో వంజరాలు కోసే చెయ్యి.
బొటనవేలి గోరు అంచు మీద అడ్డంగా గీసింది,
గోటి పొడి తెల్లగా రాలింది.
"పదునుందే. గానీ ఇక్కడ సూడు, తుప్పు.
మన ఉప్పుగాలి ఇనుముని తినేత్తాది,
నూనె రాసి సాపలో సుట్టి ఎట్టు."
కిరసనాయిలు గుడ్డతో నేను పువ్వులు తుడవబోతే
చెయ్యి పట్టుకుంది.
"ఉండనీయే! పిడి రంగు సూసి కత్తి కొంతామేటి?
పిడి రంగు సూసి మానేత్తామేటి?"

పువ్వులు ఉండిపోయాయి.
నల్లది బెహరా పట్టుకుపోయాడు.

జనవరికింకా ఏడు నెలలు.
రాత్రి లైటు తీసేసి
కొబ్బరిపీచు పట్టా మీద స్కీ పెట్టి, ఎక్కి,
మోకాలు లోపలికి నొక్కి ఒక పక్కకి ఒరిగాను.
అంచు కరిచింది. జారలేదు.

పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని
మా ఆయన వంగి చూస్తున్నాడు,
"కొత్త పట్టా కదే, ఎవరు కోశారు దీన్ని
ఇంత నున్నగా?"