మూఢంలో గూడ్సు

మూఢం వస్తే నా కెమెరాకు పని లేదు.
నంద్యాలలో తాళి కట్టేవాడుండడు.
లైట్లు పట్టే దస్తగిరి మిరప కల్లాలకు పోతాడు.
నేను స్టాండు భుజానేసుకొని
గాజులపల్లెలో దిగి, పట్టాల పక్క కాలిబాటన
నల్లమలలోకి నడుస్తాను.

"ఎవరి పెండ్లప్పా ఇంత పొద్దున్నే?"
గేటు దగ్గర శాలమ్మ అడుగుతాది.
గూడ్సు పెండ్లి, అంటాను.
మొదటిసారి నవ్వింది.
ఇప్పుడు నవ్వదు, అడగడం మాత్రం మానదు.

అక్కడొక వంపు.
నూరడుగులకు అడుగు ఎక్కుడు.
కంటికి చదునే.
నీళ్ళ సీసా అడ్డంగా పెట్టి చూడు,
దొర్లి నిజం చెప్తాది.

ముందు కోతులు లేచిపోతాయి.
తరవాత ఎక్కడో కింద
పెద్ద కుండలో ఉలవలుడుకుతున్న చప్పుడు.
డీజిలు పోయినాక పొగ పోయింది,
కరెంటింజను గొంతులో ఇప్పుడొక కందిరీగ.
రెండింజన్లు, జంటగా, తల వంచుకొని,
వెనక బళ్ళారి ఎర్రమన్ను
యాభై ఎనిమిది పెట్టెలు.
మనిషి నడిచి దాటొచ్చు దాన్ని.
నేనొకసారి దాటినాను,
దాటినాక సిగ్గేసి నిలబడినాను.

పెండ్లిలో నన్ను చూసి
మూతి తుడుచుకుంటారు, కొంగు సర్దుకుంటారు,
తింటున్నోళ్ళు నమలడం ఆపుతారు.
గూడ్సు నన్ను చూడదు.
దానికి ఒకటే పని, ఆగకుండా ఉండడం.

పోయిన మూఢంలో స్టేషన్ బయట టీ అంగట్లో
తీసిందే మళ్ళీ చూసుకుంటుంటే
పక్క బల్ల మీదాయన
గ్లాసు పట్టుకొనే చెవి ఒగ్గినాడు.
"కొంచెం వెనక్కి పెట్టబ్బా.
ఆఁ, అక్కడ.
ఆ కీచుమన్నది చూడు, చక్రం జారింది.
ఇసక వదిలినా. పట్టుకుంది.
ఆ జారుడు నాది."

ఏసురత్నం. వెనకింజను తోలుతాడు.
బండి ఘాటు ఎక్కేదాకా
తోకకు తగులుకొని నెట్టే ఇంజను.
"నా ముందర ఏముంటాదనుకున్నావ్?
గార్డు పెట్టె గోడ.
దాని మీద సుద్దతో ఎవరో రాసిన అంకె.
ఇరవై రెండేండ్లుగా ఎక్కిస్తానే ఉండా,
ఎక్కేది ఎట్లుంటాదో ఇదే చూడడం."

వంపులో తల బయట పెడితే
కనపడదా అన్నాను.
"వంపులోనే కదబ్బా జారేది.
మీటరు మీంచి కన్ను తీస్తే అయిపాయ."

మొత్తం చూసినాడు. పెట్టెలు లెక్కబెట్టినాడు,
ముప్పై దగ్గర తప్పి మొదటికొచ్చినాడు.
టీ మీద మీగడ కట్టింది.
చివర్న, రెండు క్షణాలు,
కిటికీలో ఒక మోచెయ్యి.
"ఆపు" అన్నాడు.
ఆపినాను.
నీలం చొక్కా, మడిచిన చెయ్యి, అంతే.
చానాసేపు చూసి
"ఈ చొక్కా చినిగిపాయనే" అన్నాడు.

పంపించనా అంటే వద్దే వద్దన్నాడు.
ఇంట్లో పిల్లోళ్ళు
ఆయన ఎక్స్‌ప్రెస్ తోలుతాడనుకుంటుండారంట.

నేను దాన్ని చెరపలేదు.
బండి పోయినాక కూడా
కెమెరా నడుస్తానే ఉంది అందులో.
పట్టా చల్లారుతా టిక్కుమంటాది,
ఒక కోతి దిగొచ్చి
వెచ్చగా ఉందేమో, పట్టా మీద కూర్చుంటాది.
ఏసురత్నం దాన్నీ చివరిదాకా చూసినాడు,
చూసి టీ డబ్బులు నన్నివ్వనీలేదు.

మూఢం పోయింది.
పాణ్యంలో మొన్నొక పెండ్లి.
అక్షింతలు పడే వేళకు
నేను కల్యాణ మంటపం వెనక
గాడిపొయ్యి దగ్గరుండాను.
ఇద్దరు మనుషులు అన్నం గుండిగను
మెట్ల మీదికి ఎక్కిస్తుండారు.
పైనోడు లాగుతాడు, కిందోడు భుజంతో నెడతాడు,
కిందోడి ముఖానికి ఇత్తడి తప్ప
ఇంకేం కనపడదు.
వాడి వీపు రెండు నిమిషాలు తీసినాను.

పెండ్లికూతురు నాయన
లెక్కలో ఐదువందలు కోసినాడు.