పగటి కుట్టు

బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో
మెట్ల కింద నా గది.
ఒక మంచం, ఒక బీపీ మిషను,
అట్ట ఊడిన రిజిస్టరు.

జ్వరమని ఎవరూ రారిక్కడికి.
తలనొప్పని వస్తారు, ఎండ అంటారు,
రాత్రి కరెంటు లేదంటారు.
సెలవు పెడితే హాజరు బోనసు పోతుంది మరి.
ఓబుళమ్మయితే
"రాయొద్దు సిస్టరమ్మా, మాత్రొకటి ఇయ్యి, సాలు" అంటుంది.

నేను రాస్తాను.
పేరు వదిలేసి
తేదీ, లైను నంబరు, మాత్రలెన్ని.

ఆగస్టులో ఒక వారం
నెలకొచ్చే మాత్రల డబ్బా గురువారానికే అయిపోయింది.
పైన ఆల్టర్ పీసులు గుట్టపడుతున్నాయి,
కాలర్లు వంకరపోతున్నాయని
సూపర్‌వైజర్ నాగభూషణ ఒకటే అరుపు.
ఆ గుట్టా ఈ డబ్బా ఒకే మాట చెబుతున్నాయని
ఆయనకు తెలీదు.
నాకూ ఇంటికెళ్లే బస్సులో,
సిల్క్ బోర్డ్ దగ్గర కదలకుండా నిలబడ్డప్పుడు గానీ
తట్టలేదు.

ఇళ్లేమైనా ఒకచోటా?
మాబున్నిది హొంగసంద్ర, పుట్టగౌరిది బేగూరు,
ఓబుళమ్మ ఎక్కడో ఆనేకల్ దారిలో రేకుల గదిలో.
సందులు వేరు, తాగే నీళ్లు వేరు.
అందరికీ ఒకటే ఉన్నది పగలు.
పై అంతస్తు, కిటికీ పక్క, ఏడో లైను.

వార్డు ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాను.
"పేర్లు?" అంది డాక్టర్ చైత్ర.
పేర్లివ్వను.
పద్దెనిమిది అని రాసుకోండి,
అందులో ముగ్గురికి కంటి వెనక నొప్పి.
అవతల కాసేపు పెన్ను చప్పుడు.

శనివారం టార్చీలతో ఇద్దరొచ్చారు.
వీధి కాలువ వైపు చూడనైనా చూడలేదు,
నేరుగా మా మేడెక్కారు.
ఏళ్ల తరబడి పారేసిన దారం కోన్ల కుప్ప.
ఒక్కో కోనులో చెంచాడు వాననీళ్లు,
ఆ చెంచాడులో
మెలికలు తిరిగే ప్రాణాలు.

మేం కుడుతూ కూర్చుంటే
మమ్మల్ని కుట్టినవి
మా దారం అయిపోయిన చోటే పుట్టాయి.

మేనేజరు పిలిపించాడు.
"లోపలి సంగతి బయట చెప్పిందెవరు?"
రిజిస్టరు సార్, అన్నాను.

పన్నెండు రోజులకు ఓబుళమ్మ వచ్చింది,
జాకెట్టు వదులై, గాజులు మోచేతికి జారి.
"దీంట్లో నేనెక్కడుండా?"
పదకొండో వరుస చూపించాను.
ఆ చివర నుంచి ఈ చివరకు వేలు జరిపింది,
కుట్టు సరిచూసినట్టు.
"నేరుగానే ఉందిలే" అంది.

ఆ నెల బోనసు మాత్రం
ఆమెకు రాలేదు.