వరస సంఖ్య

గట్టు మీది బూత్‌లో పదకొండు వందల నలభై మంది.
రేవు దాటితే మా లంకలో రెండు వందల పన్నెండు.
రెండు జాబితాలూ ఒకే సంచిలో వేసుకుని
నావ ఎక్కుతాను.
ఏది ఏ ఊరిదో భుజానికి తెలియదు.

మండలాఫీసు మీటింగులో అడిగారు,
"జనాభా అంతుంటే ఓటర్లు ఇంతేనా టీచరమ్మా?" అని.
ఆ జనాభా ఎప్పుడో లెక్కపెట్టింది సార్,
అప్పటికి కొబ్బరిచెట్లు ఇంకో నాలుగు వరసలుండేవి
అందామనుకున్నాను.
రిజిస్టరులో సంతకం పెట్టి వచ్చేశాను.

గట్టు వాళ్ల జాబితాలో మాత్రం
ఫోటోలన్నీ ఊళ్లో ఉన్నాయి,
సగం మొహాలు కువైట్‌లో వంట చేస్తున్నాయి.
అది ఎవరూ అడగరు. అంకె నిండుగా ఉంది కదా.

ఇంటి నంబరు 3-17 పోయినేడు వరదకి జారిపోయింది.
పెమ్మాడి నూకరత్నం ఓటు ఇంకా ఆ నంబరు మీదే.
"గట్టు బూత్‌కి మార్పిస్తాను" అన్నాను, ఫారం తీసి.
వల చిక్కు విప్పుతూ, తలెత్తకుండానే,
"మార్చకండి.
అదొక్కటే గోదారికి దొరకంది" అంది.

పెన్ను మూత పెట్టేశాను.

పక్క పాకలో కుర్రాడికి జనవరి ఒకటికి పద్దెనిమిది నిండుతాయి.
తండ్రి పేరు రెండుసార్లు కొట్టేసి రాశాడు.
రెండు వందల పదమూడు.

తిరుగు నావలో బుల్లియ్య అడిగాడు,
"ఈసారి ఎంతమందిమండీ?"
చెప్పాను.
గెడ దింపి, లోతు అందక, మళ్లీ దింపి
"నన్ను కలిపేనా?" అన్నాడు.