బెత్తెడు వదిలి

నాకు జీరో టికెట్,
గడ్డికి లగేజి టికెట్.

కల్వకుర్తిల బస్సెక్కంగ
తువ్వాలల చుట్టిన కట్టను జూసి
చెరుకా అని అడిగింది కండక్టరమ్మ.
కాదమ్మా, నేపియర్ గడ్డి అన్న.
ముందు సీటాయన మెడ తిప్పి నవ్విండు:
"దేవరకొండ దిక్కు గడ్డికి గూడ కరువొచ్చిందా?"

వచ్చింది మరి.
మా దిక్కు కరువు రానిదేదన్న ఉంటె
ఆయననే చెప్పుమను.

ఇంటికాడ కుర్మయ్య కట్ట విప్పి
తుంట తుంట చేతుల తిప్పి జూసి
"గడ్డి నాటుతరే ఎవలన్నా?" అన్నడు.

అదీ నిజమే.
ముప్పై ఏండ్లు మంది పత్తిచేన్లల్ల వంగి
నేను పీకిందంత గడ్డే.
తుంగ, గరిక, చిప్పెర,
వేరు తెగకుంట పీకినందుకే నాకు కూలి.
నా గోర్ల కింద నలుపు దానిదే,
నా నడుము నొప్పి దానిదే.
ఇప్పుడు గవే వేళ్లతోని
రెండు కణుపులకొక తుంట నరికి
ఒక కణుపు మట్టిల, ఒక కణుపు మీద,
ఏటవాలుగ గుచ్చుతుంటె
చేతులు మొరాయించినయ్.
పీకుడు ఎరుక గని
గడ్డికి నీళ్లు పోసుడు వాటికెట్ల ఎరుక?

ఐదు గుంటలు.
బోరు పోసేది ఇంచున్నర,
అది గూడ కరెంటుకు బుద్ధి పుట్టినప్పుడు.

డెబ్బై రోజులకు నన్ను దాటి పెరిగింది.
కొడవలి పెట్టకముందే
ఆకు అంచులు నా చేతులను కోసినయ్.
రాత్రి నీళ్లు పోసుకుంటె
మోచేతుల దాక భగ్గుమన్నది.

సంఘం లోనుతోని కొన్న ఎర్రావు
వరిగడ్డి నమిలి నమిలి దవడలరిగిన ఆవు
మొదటిరోజు మూతి పెట్టలే.
రెండోరోజు తొట్టి అడుగు నాకింది.
మూడోరోజు నా అడుగుల సప్పుడుకే అరిచింది.

పూటకు మూడు లీటర్లది ఐదైంది.
సెంటర్ల విష్ణుచారి మిషన్ల పోసి
నాలుగుండె ఫ్యాట్ మూడున్నరకు దిగిందని
నా దిక్కు అదో తీరుగ జూసి
"నీళ్లు గలిపినవా అక్కా?" అన్నడు.

గలిపిన నాయినా.
గడ్డికి గలిపిన. దాన్ని ఆవు తిన్నది.

కోపం దిగినంక తెలిసింది,
ఉత్త పచ్చిది కడుపు నింపుతది గని
పాలకు చిక్కదనమియ్యదని.
సాళ్ల నడుమ అలసంద చల్లిన,
రెండు పాళ్లు పచ్చిదానికి
ఒక పాలు ఎండుచొప్ప గలిపిన.
నెలకు మూడు ఎనిమిది చూపింది మిషను.
విష్ణుచారి ఏం అనలే.
నేనూ ఏం అనలే, సీటీ మడిచి కొంగున ముడేసుకున్న.

గట్టు అవతల సాలమ్మది.
మూరెడు జాగ పంచాయితిల
తొమ్మిదేండ్ల సంది మాటల్లేవు.
ఆమెకొక బర్రె. మేపు లేక
దాని పక్కటెముకలు రోడ్డు మీదికే లెక్కపెట్టొచ్చు.

ఒకనాడు తెల్లారి పోయి చూస్తె
గట్టెంబడి పదిహేను దుబ్బులు లేవు.
మోకాలెత్తుల కోసి ఉన్నయ్,
కోత ఏట ఎడమకు వాలి.
మా ఊర్ల ఎడమచేతి కొడవలి ఒక్కటే.

కుర్మయ్య చెప్పులేసుకున్నడు
పెద్దమనుషుల కాడికి.
నేను మోళ్ల కాడనే కూసున్న.
పోయిన గడ్డికి గాదు,
ఆ మోకాలెత్తు మోళ్లకే
నా పానం ఉసూరుమన్నది.
గట్ల కోస్తె పిలక రాదు,
మోడు మోడే ఎండుతది.

ఆగు, నేను జూస్తగని అన్న.

మాపటికి గట్టు మీద నిలబడి
ఎర్రావును అదిలించినట్టే గొంతు లేపిన:
"కోసెటోళ్లు నేలకు బెత్తెడు వదిలి కోయాలె!
మీద మీద కోస్తె దుబ్బు సచ్చిపోతది!"

అవతల కొట్టంల
బకెట్ల పాలధార సప్పుడు ఆగింది.
ఆగి,
మళ్ల మొదలైంది.

నలభై ఐదు రోజులకు
ఆ వరుస మళ్లొకసారి తెగింది.
గొంతుక్కూసొని వేళ్లు పెట్టి కొలిచిన.

నాలుగు వేళ్లు.
మోడు మీద తడి ఇంక ఆరలే.
ఏట ఎడమకే.