గేజీ రాయి

మొన్నటి వరదకి లంక బడి మూడ్రోజులు మునిగింది.
ముప్పై ఒక్క లాప్‌టాపులు
ఎరువుల సంచుల్లో పడవ దిగి, ఆటో ఎక్కి
రాజోల్లో నా కొట్టుకొచ్చాయి.
కీబోర్డు సందుల్లో ఒండ్రు.
అడుగున అంటించిన కాగితాలు నానిపోయి
ఏది ఏ నంబరుదో చెప్పే ఆధారం లేదు.

హెడ్మాస్టరు జకరయ్య గారు రిజిస్టరు తెచ్చారు.
అదీ తడిసి ఎండిందే,
పేజీ తిప్పితే అప్పడంలా విరుగుతోంది.
"నంబర్లు రాసిస్తేనే బీమా అంటండి, ఆయ్" అన్నారు,
కుర్చీ చూపించినా కూర్చోకుండా.

పంతొమ్మిది బతికాయి.
బొత్తం నొక్కగానే, సిస్టం ఇంకా కళ్ళు తెరవకముందే
లోపల చిప్పొకటి లేచి
తను పుట్టిన తేదీ, తన నంబరు,
బ్యాటరీ ఎన్నిసార్లు నిండిందో ఆ లెక్కా
మెమరీలో ఒక మూల రాసిపెట్టి తప్పుకుంటుంది.
అన్నీ ఉన్నాయి అక్కడ.
కానీ ఈ కంపెనీ వాడి రాత మన కెర్నెల్‌కి రాదు.
మామూలు ప్రోగ్రాము వెళ్ళి అడిగితే
అలాంటి ఫైలు లేదు, అంటుంది.

మా చిన్నాన్న బొబ్బర్లంక లాకుల దగ్గర లస్కరు.
కాలవ గోడకి ఒక రాయి,
రాతి మీద అడుగులూ అంగుళాలూ, ఏటా ఆయనే నల్లరంగు దిద్దేవాడు.
గట్టు మీద సైకిలు ఆపి
నాలుగూ రెండంగుళాలు అనుకుని
ఆకుమడికి వెళ్ళిపోయేవాళ్ళు రైతులు.
ఎవరూ ఆయన్ని లేపి అడిగేవాళ్ళు కాదు.
షట్టరు తాళం మాత్రం మొలతాడుకి కట్టుకుని పడుకునేవాడు.
"మట్టం ఊరందరిదీనే. తలుపు నాది."

నేను రాసింది ఆ రాయే.
నూట నలభై వరుసల డ్రైవరు.
కరెంటు పోతే ఇన్వర్టరు మీద,
ఇన్వర్టరు కూత పెడితే పక్క టైలరు కొట్టు నించి తీగ లాగి.
మొదటిసారి ఒక్క బైటు పక్కకి జరిగి చదివాను,
పంతొమ్మిది యంత్రాలూ ముప్పై తొమ్మిదో తేదీన పుట్టాయి.
నవ్వుకున్నాను. ఏడుపూ వచ్చింది. టీ తాగొచ్చి సరిచేశాను.

తెల్లారేసరికి చిన్న చిన్న ఫైళ్ళు,
ఒక్కోదాంట్లో ఒక్కటే మాట.
ఎవరైనా చదవొచ్చు.
ఎవరూ రాయకూడదు.

పద్నాలుగోదాంట్లో ఇంకో గడి ఉంది.
ఆస్తి వివరం కోసం కంపెనీ వదిలిన ఖాళీ.
బడిలో ఎప్పటి మేష్టారో
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టారు:
సువార్త, ఎనిమిది బి, తండ్రి లేడు.

చాలాసేపు కర్సరు అక్కడే కొట్టుకుంది.
ఒక వరుస చేరిస్తే చాలు,
ఆ మాట కూడా ఫైలైపోతుంది,
ఏ ఆటబొమ్మ ప్రోగ్రామైనా దారిన పోతూ చదువుకుంటుంది.
ఆ గడికి రాయి పాతలేదు.
చిప్పులోంచి చెరపనూ లేదు, చెరిపే హక్కు నాదనిపించలేదు.

జకరయ్య గారు నంబర్లు ఎక్కించుకున్నారు.
చచ్చిన పన్నెండింటికీ సున్నాలు చుట్టారు.
వేలితో బ్యాటరీ లెక్క వరస వెంట దిగుతూ
నలభై, అరవై రెండు, ముప్పై ఎనిమిది...
పద్నాలుగు దగ్గర ఆగారు.
ఏడొందల పన్నెండు.

"ఇదేంటండి దయామణి గారూ, తప్పు పడిందా?"
లేదండి, సరిగ్గానే ఉంది.
"ఇంతలా వాడిందెవరండి?"

అందరూ చదవొచ్చని తెరిచి పెట్టిన అంకే అది.
దాంట్లో ఏ పేరూ లేదని రాత్రంతా ధీమాగా ఉన్నాను.

తెలియదండి, అన్నాను.
అలాంటి ఫైలు లేదు, అన్నట్టే.
ఆయన అప్పుడు కూర్చున్నారు.